ఆపరేషన్ అయింది, మరి నడిచేదెప్పుడు?

హాస్టల్ మిత్రులారా, పూర్వ విద్యార్థులారా!

మనలో చాలామందిమి కూలి కుటుంబాల నుంచి వచ్చాం. మనవాళ్లకు ఒంట్లో సత్తువే ఆస్తి. కాలో చెయ్యో పడిపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఈ సంచికలో ఈ మాట రాస్తున్నాం.

మా గదిలో ఉన్న ఒక మిత్రుడి నాన్నకు హైవే మీద లారీ తగిలి తొడ ఎముక విరిగింది. 108 వచ్చింది. ఆపరేషన్ ఉచితంగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఫిజియోథెరపీ చేయించమని చీటీ రాసిచ్చారు. ఎక్కడో, ఎలాగో ఎవరూ చెప్పలేదు. జగ్గయ్యపేట పక్క పల్లె నుంచి విజయవాడ సుమారు 80 కిలోమీటర్లు. ఆటో, బస్సు ఛార్జీలు, తోడు వెళ్లిన భార్యకు పోయిన కూలి. నాలుగుసార్లు వెళ్లి మానేశారు. మోకాలు బిగుసుకుపోయింది. మిరప చేలో పనిచేసిన మనిషి నేడు మంచానికే పరిమితమయ్యాడు.

108 సేవలు 2005లో, ఆరోగ్యశ్రీ 2007లో వచ్చి ఎన్నో ప్రాణాలు నిలిపాయి. కాదనలేం. కానీ ప్రాణం నిలిస్తే చాలా? మనిషి తిరిగి పనిలోకి వెళ్లినప్పుడే వైద్యం పూర్తయినట్టు. 2022లో మన ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా చిన్నదైంది గానీ విజయవాడ దూరం తగ్గలేదు!

పునరావాస సేవలు ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు తమ స్తోమత మేరకు చేపట్టాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. స్తోమత అన్న మాట సాకు కాకూడదు. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక బల్ల, పట్టుకు నడవడానికి రెండు కడ్డీలు, చదువుకున్న ఫిజియోథెరపిస్టు ఉంటే మొదలుపెట్టవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఈ సేవ అందుతోంది. పిల్లలకు చేయగలిగింది పెద్దలకు ఎందుకు చేయలేం?

మేము కోరేది ఇదే. నందిగామ, జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రుల్లో ఫిజియోథెరపీ రోజూ అందాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వారానికి రెండు రోజులు రావాలి. రోగిని ఇంటికి పంపేముందు ఇంట్లో ఒకరికి వ్యాయామాలు నేర్పాలి.

మనమేం చేయగలం? సెలవులకు ఊరెళ్లినప్పుడు పక్షవాతంతో, విరిగిన కాళ్లతో మంచాన పడినవాళ్ల వివరాలు రాసుకుందాం. కలెక్టరు కార్యాలయంలో అర్జీ పెడదాం. బైపీసీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎంబీబీఎస్ సీటు రాలేదని దిగులుపడకుండా ఫిజియోథెరపీ కోర్సు గురించి కూడా ఆలోచించండి.

మనవాళ్ల రెక్కల కష్టంతోనే మనం చదువుకున్నాం. ఆ రెక్కలు విరిగిన రోజున అండగా నిలవకపోతే మన డిగ్రీలెందుకు?