పచ్చ చుక్కకు కాపలా

పోయిన వారం మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, వర్క్ ఫ్రం హోం జాబ్ ఏమన్నా ఉంటే జర చూడన్నా" అన్నాడు. ఏం జాబ్ రా అంటే, ఏదైనా పర్లేదట, ఇంట్లో కూసొని చేసేదైతే చాలట. వాడు బీటెక్ ఫైనలియర్. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కొంచెం సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే ఐదారేళ్ళ కింద నేను అడిగింది కూడా అదే కాబట్టి.

మాది నిడమనూరు. తెలియని వాళ్ళ కోసం: మిర్యాలగూడ నుంచి హాలియా పోయే దారిలో వస్తుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, ఎటు చూసినా వరి. మా దగ్గర పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకి పోతాయి, మా దగ్గర చదువుకున్న పిల్లలు హైదరాబాద్ కి పోతారు. రెండింటికీ మా ఊరికి తిరిగొచ్చే అలవాటు లేదు.

అలాంటిది 2020 మార్చిలో తిరిగొచ్చాం. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. లాక్ డౌన్ పెట్టే ముందు ఒక బ్యాగు, ఒక లాప్ టాప్, ఒక మానిటర్ (దాన్ని తువ్వాలలో చుట్టుకొని బస్సులో ఒళ్ళో పెట్టుకున్నా) తీసుకొని ఇంట్లో పడ్డా. మొదటి నెల సిగ్నల్ కోసం డాబా మీద, వాటర్ ట్యాంక్ నీడలో కూర్చొని పని చేశా. అమ్మ మజ్జిగ తెచ్చిచ్చేది. హాస్టల్ బువ్వ తిని, మెట్రోలో నిలబడి వేలాడి ఉన్నోడికి ఇదే స్వర్గం అనిపించింది. జీవితాంతం ఇలాగే ఉంటే చాలు దేవుడా అనుకున్నా.

ఊళ్ళో వాళ్ళకి మాత్రం అర్థం కాలేదు. "ఏం బిడ్డా, కొలువు పోయిందా?" అని అడగని మనిషి లేడు. లేదు తాతా, ఇంటి నుంచే చేస్తున్నా అంటే, "అవునవును" అని జాలిగా చూసి పోయేవాళ్ళు. ఒక పెళ్ళి సంబంధం కూడా "అబ్బాయి ఇంట్లనే ఉంటడట" అనే కారణంతో వెనక్కి పోయింది :) అది నా మంచికే జరిగిందిలెండి, అది వేరే కథ.

అసలు విషయానికొస్తా. స్వర్గం ఎక్కడ తేడా కొట్టిందో చెప్తాను.

2022 సెప్టెంబర్ 7, బుధవారం. మా మండలంలోనే సాగర్ ఎడమ కాలువకి గండి పడింది. పేపర్లలో, టీవీల్లో వచ్చింది, కొందరికి గుర్తుండే ఉంటుంది. కాలువ నిండా నీళ్ళున్న కాలం, నాట్లు పడి పొలాలన్నీ పచ్చగా ఉన్న టైం. నాన్నకి ఫోన్ వచ్చింది. కాలువ తెగిందట, నీళ్ళు మన దిక్కే వస్తున్నయట. నాన్న చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బండి తీశాడు. పొలం దగ్గర మోటరు స్టార్టరు ఉంది, గేదెలున్నాయి. నా వైపు ఒకసారి చూశాడు. నేను చెవులకి హెడ్ సెట్ పెట్టుకొని ఉన్నా. రిలీజ్ కాల్. దాదాపు నలభై మంది ఉన్నారు. నేను చేసిన మార్పులు అప్పటికే వెళ్ళిపోయాయి. ఆ కాల్ లో నాతో ఎవరికీ పని లేదు, నన్ను ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. కానీ లేచి పోతే పేరు పక్కన పచ్చ చుక్క పసుపు అయిపోతుంది. "ఊరికి పోయినోడు పని ఎగ్గొడుతున్నాడు" అంటారేమో అని భయం. చెయ్యితో "మీరు పోండి" అన్నట్టు సైగ చేశా.

చీకటి పడ్డాక తిరిగొచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. తిట్టలేదు. "అయిపోయిందా మీటింగు?" అని అడిగి స్నానానికి పోయాడు. గేదెలు దక్కాయి. స్టార్టరు దక్కలేదు. పొలంలో సగం ఇసుక మేట వేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే నన్ను ఎవరూ ఆపలేదు. మేనేజర్ కి ఒక మెసేజ్ పెట్టి పోతే ఏమనేవాడో కూడా తెలీదు. కానీ అప్పటికి రెండున్నరేళ్ళుగా నేను చేస్తున్నది కోడింగ్ కన్నా ఎక్కువ, ఆ చుక్కకి కాపలా. అన్నం తినేటప్పుడు లాప్ టాప్ పక్కనే. స్నానానికి పోతే ఫోన్ లోపలికి. రాత్రి పదకొండుకి మెసేజ్ వస్తే రెండు నిమిషాల్లో జవాబు, అదీ నేను మేలుకునే ఉన్నానని చూపించడానికి. హైదరాబాద్ లో ఆఫీసుకి పోయే రోజుల్లో కనీసం ఏడింటికి బ్యాగు సర్దుకుంటే పని అయిపోయేది. ఇంట్లో ఆ బ్యాగు సర్దుకోవడం అనేదే లేదు.

అందుకే నేననేది ఒకటే. వర్క్ ఫ్రం హోం అనేది ఉద్యోగం కాదు, కుర్చీ ఎక్కడ వేసుకున్నాం అన్నది మాత్రమే. మన పనిని ఏం చేశామన్నదాన్ని బట్టి కొలుస్తున్నారా, ఎంతసేపు కనపడ్డామన్నదాన్ని బట్టి కొలుస్తున్నారా, తేడా అంతా అక్కడుంది. రెండో రకం ఉద్యోగం అయితే దాన్ని నిడమనూరు తీసుకొచ్చినా, కాశీ తీసుకుపోయినా బాలెన్స్ రాదు. పైగా ఇంట్లో వాళ్ళ ముందు దొంగలా ఉండాలి.

దీని మీద ఒక మంచి ప్రయోగం ఉంది, తెలిసిన వాళ్ళు నన్ను క్షమించాలి. చైనాలో సీట్రిప్ అని ట్రావెల్ కంపెనీ. స్టాన్ ఫోర్డ్ కి చెందిన నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు దాని కాల్ సెంటర్ లో వాలంటీర్లని తీసుకొని, పుట్టినరోజు సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి సగం మందిని తొమ్మిది నెలల పాటు ఇంటికి పంపారు. 2015లో పేపర్ వచ్చింది. ఇంటి నుంచి చేసిన వాళ్ళ పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసే వాళ్ళు సగానికి తగ్గారు. అందరూ ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. ఆ 13 లో 9 శాతం ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల వచ్చింది, అంటే బ్రేకులు తగ్గి, సిక్ లీవులు తగ్గి. పనితనంతో పోల్చి చూస్తే ప్రమోషన్లు కూడా వాళ్ళకి తగ్గాయి. చివర్లో మీ ఇష్టం అంటే ఇంటి నుంచి చేసిన వాళ్ళలో చాలామంది ఆఫీసుకి తిరిగొచ్చేశారు, ఒంటరిగా ఉందని. నా డాబా మీద కథే షాంఘైలో అంతకుముందే జరిగిందన్నమాట.

అదే కంపెనీలో తర్వాత 1,612 మంది మీద ఇంకోటి చేశారు, వారానికి రెండ్రోజులు ఇల్లు, మిగతాది ఆఫీసు. 2024లో నేచర్ లో వచ్చింది. పనిలో, ప్రమోషన్లలో తేడా లేదు, మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. కాబట్టి మొత్తం ఇల్లే కావాలి అని పట్టుబట్టే ముందు కొంచెం ఆలోచించడం మంచిది అని నా అభిప్రాయం.

మన దగ్గర చూస్తే ఇది ఎప్పుడూ పైవాళ్ళ దయ మీదే నడిచింది. 2020 దాకా కాల్ సెంటర్ల లాంటి కంపెనీలు మనిషిని ఇంటి నుంచి పని చేయించాలంటే కోటి రూపాయల బ్యాంక్ గ్యారంటీ కట్టాలనే రూల్ ఉండేది. కరోనా రాగానే మార్చిలో సడలించారు, నవంబర్ లో ఎత్తేశారు. సెజ్ లలో ఉన్న కంపెనీలకి 2022 జులైలో వేరే రూల్ తెచ్చి సగం మందికి ఒప్పుకున్నారు, డిసెంబర్ లో అందరికీ అన్నారు. 2025 కల్లా పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలు అని 2020లో చెప్పిన టీసీఎస్, 2023 అక్టోబర్ లో వారానికి ఐదు రోజులూ రమ్మంది. అదే నెలలో నారాయణమూర్తి గారు కుర్రాళ్ళు వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. వాళ్ళ లెక్కలు వాళ్ళవి, నేను తప్పు పట్టడం లేదు. మనం ఇల్లు కట్టుకునేది అద్దె స్థలంలో అని తెలిస్తే చాలు.

నన్నూ పిలిచారు. మళ్ళీ హాస్టల్, మళ్ళీ మెట్రో. నాలుగు నెలలు చేసి, ఇంకో ఉద్యోగం వెతకడం మొదలుపెట్టా. ఈసారి "రిమోట్ ఉందా" అని అడగడం మానేశా. "మీ టీంలో అందరూ రిమోటేనా, నేనొక్కడినేనా?" అని అడిగా. పది మంది ఒక గదిలో కూర్చొని పదకొండో వాడు ఫోన్ లో ఉంటే వాడికి మిగిలేది మినిట్స్ మాత్రమే. "ఒక నిర్ణయం జరిగితే అది ఎక్కడ రాస్తారు?" అని అడిగా. గిట్ ల్యాబ్ లాంటి పూర్తి రిమోట్ కంపెనీలు తమ పని పద్ధతి అంతా అందరికీ కనపడేలా రాసి పెడతాయి. రాసే అలవాటు లేని చోట రిమోట్ అంటే రోజంతా కాల్స్. "పోయిన నెలలో రాత్రి పది తర్వాత ఎన్నిసార్లు కాల్ పెట్టారు?" అని కూడా అడిగా. ఒక ఇంటర్వ్యూలో ఆయన కాసేపు ఆగి, లెక్క పెట్టలేదు అన్నాడు. అక్కడికి పోలేదు.

చివరికి ఒక చిన్న ప్రొడక్ట్ కంపెనీలో చేరా. నెలకి 18 వేలు తక్కువ. అమ్మకి చెప్పడానికి వారం పట్టింది :) పని ముక్కలుగా ఇస్తారు, రాసి ఇస్తారు, శుక్రవారానికి అయిందా లేదా చూస్తారు. మధ్యలో నేను నాట్ల దగ్గర ఉన్నానా, నిద్రపోతున్నానా ఎవరికీ అవసరం లేదు. మొదటి నెల నాకే భయం వేసి "లంచ్ కి పోతున్నా" అని మెసేజ్ పెట్టేవాణ్ణి. మా లీడ్ చూసీ చూసీ, "తినేసి రండి, నాకెందుకు చెప్తారు" అన్నాడు. ఇబ్బందులు లేవని కాదు. మా ఊళ్ళో మాట్లాడటానికి ఇంకో ప్రోగ్రామర్ లేడు. నెలకి ఒకసారి హైదరాబాద్ పోయి పాత దోస్తుల్ని కలవకపోతే పిచ్చెక్కుతుంది.

మా అక్క సంగతి చెప్పకపోతే ఇది సగమే. అక్క సూర్యాపేటలో ఉంటుంది, టెస్టింగ్ లో చేస్తుంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు సెలవు 26 వారాలకి పెంచడంతో పాటు, సెలవు అయ్యాక పనిని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంటి నుంచి చేసుకోవచ్చు అనే మాట కూడా చేర్చారు. అక్కకి కంపెనీ ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఇల్లు. "ఇంట్లనే ఉన్నవు కదా" అనే ఒక్క ముక్కతో పాలవాడు, గ్యాస్ బండ, చుట్టాలకి వంట అన్నీ వచ్చి పడ్డాయి. బావ ఆఫీసుకి పోతాడు కాబట్టి ఆయనకి మినహాయింపు. మగవాళ్ళం మనం వర్క్ ఫ్రం హోం గురించి రాసే వ్యాసాల్లో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు, మజ్జిగ మనకి ఎవరో తెచ్చిస్తారు కదా.

అక్క ఏం చేసిందంటే, వాళ్ళ ఇంటి పై పోర్షన్ లో ఖాళీగా ఉన్న గది నెలకి 3 వేలకి అద్దెకి తీసుకుంది. తొమ్మిదింటికి చీర మార్చుకొని, టిఫిన్ బాక్స్, బ్యాగు పట్టుకొని మెట్లెక్కి పోతుంది. ఆరింటికి దిగొస్తుంది. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ళ అత్తగారు "కోడలు ఆఫీసుకి పోయింది" అని చెప్తుంది. పద్దెనిమిది మెట్ల దూరం ఆఫీసు. నాకు తెలిసిన వర్క్ లైఫ్ బాలెన్స్ లో దీన్ని మించింది లేదు. కరీంనగర్, ఖమ్మంలో 2020లో ఐటీ టవర్లు కట్టారు, 2023లో నల్గొండలో కూడా తెరిచారు. తమిళనాడులో జోహో వాళ్ళు తెన్కాశి దగ్గర పల్లెలోనే ఆఫీసు పెట్టారు. నిజానికి మా అక్క లాంటి వాళ్ళకి కావాల్సింది ఇల్లు కాదు, ఇంటికి దగ్గరగా ఇంకో గది.

ఇక మా తమ్ముడి దగ్గరికి. "ఏదైనా పర్లేదు, ఇంట్లో అయితే చాలు" అనే వాళ్ళ కోసం వేరే బజారు ఒకటి నడుస్తోంది. ఫాం ఫిల్లింగ్, డేటా ఎంట్రీ, నెలకి 30 వేలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటారు. కట్టాక నువ్వు కొట్టినదాంట్లో తప్పులున్నాయి, అగ్రిమెంట్ ప్రకారం పెనాల్టీ కట్టు, లేకపోతే కోర్టు నోటీసు అని బెదిరింపు. ఇంకో రకం టెలిగ్రాంలో వీడియోలకి లైక్ కొట్టమంటారు, మొదట 150 నిజంగానే వేస్తారు, తర్వాత మనల్ని వేయమంటారు. గట్టిగా అడిగితే తెలిసింది, మా వాడు మొదటి రకంలో అప్పటికే 2,500 కట్టేశాడు. నోటీసు పేరుతో వాట్సాప్ లో ఒక పీడీఎఫ్ కూడా వచ్చింది, అశోక చక్రం బొమ్మతో సహా. చిన్నాయనకి చెప్పలేక నాకు ఫోన్ చేశాడు. జాబ్ చూడన్నా అన్నది ఆ పెనాల్టీ కట్టడానికట.

రూపాయి కూడా కట్టొద్దని చెప్పి, 1930కి ఫోన్ చేయించా. ఫిర్యాదు నంబర్ వచ్చింది. డబ్బులు వస్తాయని నమ్మకం లేదు కానీ, వాడు ఆ రాత్రి నిద్రపోయాడని చిన్నమ్మ చెప్పింది. ఆమెకి సంగతి తెలీదు, పరీక్షల టెన్షన్ అనుకుంది.

ఈ ఆదివారం లాప్ టాప్ తీసుకొని మా ఇంటికి రమ్మన్నా. వాడు రాసిన ప్రోగ్రాం ఏదైనా ఒకటి చూపించమన్నా. కాలేజీ ప్రాజెక్టు ఉందట, కానీ అది కొన్నదట. సరే, అది ఎలా పని చేస్తుందో ఒక పేజీ రాసుకొని రా, అక్కడి నుంచి మొదలుపెడదాం అన్నా. తెలుగులో రాయొచ్చా అన్నా అన్నాడు. రాయమన్నా.