మీరు పెట్టుకున్న కొలతే

ఎల్‌కేజీ దరఖాస్తు కోసం తెల్లవారకముందే కాన్వెంటు గేటు దగ్గర బారులు తీరే తల్లిదండ్రులను అడిగితే, కథోలిక బడులకు కళ్లు మూసుకుని నూటికి నూరు వేస్తారు. క్రమశిక్షణ, ముత్యాల్లాంటి చేతిరాత, ఇంగ్లీషు, పదో తరగతి ఫలితాలు చాలు వారికి. చర్చి తనకు తాను పెట్టుకున్న పరీక్ష మాత్రం వేరు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2007లో ప్రకటించిన విద్యావిధానం పేదలకు, దళితులకు పెద్దపీట వేయాలంది. ఆ పరీక్షలో ఈ బడులు తప్పాయి.

చదువుకున్న తల్లి, ఫీజు కట్టగల తండ్రి, సాయంత్రం ట్యూషను ఉన్న పిల్లలను ఏరి చేర్చుకున్నాక వచ్చే మార్కుల్లో బడి గొప్పతనం ఎంత? అది తెలియాలంటే పల్లెలోని ఆర్‌సీఎం (రోమన్ కథోలిక మిషన్) ఎయిడెడ్ బడికి వెళ్లాలి. చర్చి పక్కన రెండు గదులు. అయిదు తరగతులకూ ఒక్కరే పంతులు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే అయిదో తరగతి ఎక్కాలు వల్లిస్తూ కూర్చుంటుంది. ఆయన రిటైరైతే ఆ పోస్టు అంతే. ఎయిడెడ్ నియామకాలను ఏళ్ల తరబడి తొక్కిపెట్టిన పాపం ప్రభుత్వాలదే. అయినా పట్టణంలో అంతస్తు మీద అంతస్తు వేసే యాజమాన్యాలకు పల్లెలో ఒక టీచరు జీతం బరువా?

2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మైనారిటీ బడులు విద్యాహక్కు చట్టం నుంచి, అంటే పేదలకు 25 శాతం సీట్ల బాధ్యత నుంచి బయటపడ్డాయి. మైనారిటీ బడుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు 8.76 శాతమేనని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021లో తేల్చింది. క్రైస్తవ బడుల్లో 74 శాతం మంది క్రైస్తవేతరులని కూడా అంది. అన్యమతస్థులకు చదువు చెప్పడం తప్పు కాదు, మంచిదే. పేదలు ఏరన్నదే ప్రశ్న. కమిషన్ ఉద్దేశాలపై చర్చికి అనుమానాలుంటే ఉండొచ్చు (మాకూ కొన్ని ఉన్నాయి). అంకెలకు అంకెలే జవాబు. ప్రమతి తీర్పునే 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రశ్నించి, విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. కోర్టు చెప్పేదాకా ఆగడం చర్చికి గౌరవం కాదు.

హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లాలో పేదరికం వల్ల ఏడో తరగతితో చదువు ఆగిన ఆ పిల్లవాణ్ని ఆదుకున్నది మిషనరీలే. అలాంటి పిల్లలు నేడు ఏ పట్టణ కాన్వెంటులో ఎందరున్నారో, ఎందరికి ఫీజు మాఫీ చేశారో ప్రతి మేత్రాసనమూ వచ్చే జూన్‌లోగా బడుల వారీగా ప్రకటించాలి.