మూడేళ్ళు నిండిన నేరం

మన ప్రభుత్వానికి మొహమాటం ఎక్కువ. వద్దు అనే మాట నోటితో అనదు. శుభలేఖ పంపించి, తీరా మనం వెళ్ళేసరికి వీధి తలుపు గడియ వేసుకుంటుంది. పరాయి దేశంలో పాత మోటారుసైకిలు ఒకటి కొనుక్కుని, దాన్ని ఇంటికి తెచ్చి నంబరు వేయించుకుందామని ఆశపడ్డవాణ్ణి అడగండి, ఈ మర్యాద ఎలా ఉంటుందో చెబుతాడు.

పుస్తకంలో చూస్తే అనుమతి ఉన్నట్టే ఉంటుంది. వాడిన బండి తెచ్చుకోవచ్చు. కాని అది తయారై మూడేళ్ళు దాటకూడదు. ఇంకో అయిదేళ్ళు రోడ్డు మీద తిరిగే సత్తా ఉందని ఓడ ఎక్కించక ముందే పరీక్ష చేయించి కాగితం పుచ్చుకోవాలి. దించేది ముంబయి రేవులోనే. మన విశాఖపట్నానికీ, పక్కనున్న చెన్నైకీ ఆ భాగ్యం లేదు. దిగాక పుణేలోని ఎ.ఆర్.ఎ.ఐ. లాంటి సంస్థలో మళ్ళీ పరీక్ష. వేగం చూపించే ముల్లు కిలోమీటర్లలో చూపించాలి. ముందు దీపం ఎడమవైపు నడిచే దేశానికి పనికొచ్చేలా ఉండాలి. బ్రిటన్ నుంచి తెచ్చిన బండికి దీపం సరిగ్గానే ఉంటుంది గాని ముల్లు మైళ్ళలో తిరుగుతుంది. దుబాయి నుంచి తెచ్చినదానికి కిలోమీటర్లు ఉంటాయి గాని దీపం కుడివైపు నడిచేవాళ్ళ కోసం చేసింది! ఇవన్నీ దాటితే సుంకం, దాని మీద జి.ఎస్.టి. రెండూ కలిపితే ఇంకో బండి వెల అవుతుంది. ఆ తరవాత మన రవాణా ఆఫీసు. మామూలు మోటారుసైకిలు రిజిస్ట్రేషన్‌కి 300 రూపాయల ఫీజయితే, దిగుమతి బండికి 2,500. పదిహేనేళ్ళు నిండి మళ్ళీ చేయించుకోవాలంటే, 2021లో చేసిన నిబంధనల ప్రకారం దానికి 1,000, దీనికి 10,000. జీవితకాలపు పన్ను వేరే.

మోటారుసైకిలు గొడవ నీకెందుకమ్మా అంటారేమో. ఇరవయ్యేళ్ళుగా వెనక సీటు మీద పక్కకి తిరిగి కూర్చుని, ఓ చేత్తో సంచీ, ఓ చేత్తో కొంగూ పట్టుకుని ప్రయాణం చేసినదాన్ని. నాకు కాకపోతే ఎవరికి? అంచేత నిబంధనలన్నీ తీసిపారెయ్యమని నేననను. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా, కనీసం సగం చక్రాన్నయినా కప్పే గార్డు ఉండాలని మన రూల్సులో ఉంది. విదేశీ బళ్ళకి సాధారణంగా అది ఉండదు. అక్కడ చీర కట్టుకుని ఎక్కేవాళ్ళు ఎందరు? ఆ గార్డు పెట్టించి తీరాలి. దీపం మార్చమంటే మార్చాలి. పొగ కొలవమంటే కొలవాలి. ఇవన్నీ ప్రాణం కాపాడే నిబంధనలు. వాటికి దణ్ణం పెడతాను.

నా పోట్లాట ఆ మూడేళ్ళతో. అదేం కాపాడుతుంది?

కొంచెం లెక్క వెయ్యండి. జగిత్యాల నుంచో, నిజామాబాదు నుంచో గల్ఫుకి వెళ్ళినవాడు కొత్త బండి కొనడు. కొనగలిగితే అంత దూరం ఎందుకు వెళతాడు? ఎవరో రెండేళ్ళు తొక్కిన బండిని బేరమాడి కొనుక్కుంటాడు. దాని మీదే పనికి పోతాడు, సాయంత్రాలు తుడుస్తాడు, నట్లు బిగిస్తాడు. నాలుగేళ్ళకి వీసా అయిపోతుంది. అప్పటికి బండికి ఆరేళ్ళు. ఇక అది మన దేశంలో అడుగు పెట్టడానికి వీల్లేదు. అంటే పాత బండి తెచ్చుకోవచ్చు అంటూనే, పాత బండి కొనుక్కునే మనిషినే ఏరి ఏరి బయట నిలబెట్టారన్న మాట. ఈ రూలు పనికొచ్చేదెవరికి? కొత్తది కొని, మోజు తీరకముందే ఓడెక్కించగల డబ్బున్న మారాజుకి.

ఇంకో చోద్యం. 1950కి ముందు పుట్టిన బళ్ళని సరదాపడి తెచ్చుకునేవాళ్ళకి ఎంతో కాలంగా దారి తెరిచే ఉంది. యాభై ఏళ్ళు దాటిన వింటేజి బళ్ళకి 2021లో ప్రత్యేకంగా 'వి.ఎ.' అక్షరాలతో నంబర్లు కూడా ఏర్పాటు చేశారు. ముసలి బండయితే ముచ్చట, ఆరేళ్ళ బండయితే చెత్తా? ఒకటి షోకుకీ, ఒకటి పనికీ అన్నదే తేడా అయితే, మొదటి పీట పనికి వెయ్యాలి. పోనీ, విదేశీ యాత్రికుడు కార్నె కాగితం పట్టుకుని వస్తే, ఆరు నెలలు మన రోడ్ల మీద అదే పాతబండి మీద హాయిగా తిరగొచ్చు. పండక్కొచ్చిన అల్లుడిలా తిరిగి వెళ్ళిపోతే చాలు. అప్పుడు మన రోడ్లకి రాని ప్రమాదం, మన కుర్రాడు నడిపితే ఎలా వస్తుందో నాకు బోధపడదు.

పాతబళ్ళ కుప్ప వచ్చి మన మీద పడుతుంది అంటారు. ఆ భయం ఉత్తది కాదు. 2015 నుంచి 2018 దాకా ఐరోపా, జపాన్, అమెరికాల నుంచి కోటీ నలభై లక్షల పాత కార్లూ వ్యాన్లూ ఎగుమతయ్యాయని, అందులో ఎక్కువభాగం బీద దేశాలకే వెళ్ళాయని 2020లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ చెప్పింది. కాని ఓడ నిండా సరుకు దించే వ్యాపారి వేరు, ఒంటి బండితో ఇంటికొచ్చే మనిషి వేరు. వరదకి వేసిన కట్టని చెంబుడు నీళ్ళకి అడ్డం పెట్టకూడదు.

మన పరిశ్రమ దెబ్బ తింటుందని ఇంకో మాట. 1955లో మద్రాసులో బుల్లెట్లు తయారు చెయ్యడం మొదలెట్టినప్పుడు ఆ మాటకి అర్థం ఉండేది. ఇంగ్లండులో దాని కన్నతల్లి కంపెనీ మూతపడింది. ఇక్కడ పెరిగిన బిడ్డే మళ్ళీ ఇంగ్లండుకి బళ్ళు పంపుతోంది. అంత ఎదిగినవాళ్ళు ఓ కుర్రాడి పాతబండికి జడవడమా?

ముందు తలుపు ఇంత బిగిస్తే దొడ్డిదారి తెరుచుకుంటుంది. భూటాన్ నుంచి పాత ఖరీదైన కార్లు దొంగ కాగితాలతో వచ్చి, ఇక్కడ నంబర్లు కూడా వేయించుకున్నాయన్న ఆరోపణ మీద 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్సు వాళ్ళు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో సోదాలు చేశారు. కాగితం దొంగదైతే రిజిస్టరవుతుంది, నిజమైనదైతే ముంబయిలో ఆగిపోతుంది. ఇదీ మనం సాధించిన క్రమశిక్షణ.

నేనడిగేది పెద్ద కోరికేమీ కాదు. రెండేళ్ళకి పైగా పరాయి దేశంలో కష్టపడి తిరిగొచ్చేవాళ్ళకి మనిషికొక్క బండి ఇవ్వండి. అది కొంతకాలం అతని పేరు మీదే ఉండాలి, అమ్మకూడదు అనండి. మనకి దగ్గర రేవులో దింపుకోనివ్వండి. బండి పుట్టినరోజు కాదు, బ్రేకులు చూడండి, పొగ చూడండి. తప్పితే తిప్పి పంపండి, నోరెత్తం. ఓడ ఖర్చుతో పోలిస్తే గిట్టుబాటవుతుందా అంటారా, ఆ లెక్క కొనుక్కున్నవాడు చూసుకుంటాడు.

అదీ ఇష్టం లేకపోతే, వద్దు అని ఒక్క ముక్క పుస్తకంలో రాసెయ్యండి. కుర్రాడు బండి అక్కడే అమ్ముకుని, వచ్చిన డబ్బుతో చెల్లెలికి ఏదో ఒకటి కొనుక్కొస్తాడు.