కవాతుతో పని పూర్తి కాదు

హైస్కూలు చదువు మధ్యలో మానేసిన కుర్రవాణ్ణి చూసి పెద్దలు సాధారణంగా రెండు మాటలంటారు. ‘వీడిక బాగుపడడు’ అన్నది ఒకటి. ‘మిలిటరీలో పడేస్తే దారికొస్తాడు’ అన్నది రెండోది. ఈ రెండో మాటలో నిజమెంతో అమెరికా అనుభవం చూస్తే తెలుస్తుంది.

అక్కడ నేషనల్ గార్డ్ ఆధ్వర్యంలో 1993లో ‘యూత్ ఛాలెంజ్’ అనే పథకం ప్రారంభమైంది. బడి మానేసిన 16 నుంచి 18 ఏళ్ల యువతీ యువకులను 22 వారాల పాటు శిబిరంలో ఉంచుకుంటారు. యూనిఫాం, తెల్లవారకముందే నిద్ర లేవడం, కవాతు అన్నీ ఉంటాయి. వాటితోపాటు చదువు, పని నైపుణ్యాలు, ఆరోగ్య నియమాలు, సమాజ సేవ కూడా నేర్పుతారు. అయితే ఎవరినీ బలవంతంగా చేర్చుకోరు. కోర్టులు శిక్షగా పంపే చోటు కాదది. ఆ తర్వాత సైన్యంలో చేరాలన్న నిబంధన కూడా లేదు.

మరి ఫలితం మాటేమిటి? 2005, 2006 సంవత్సరాల్లో దరఖాస్తు చేసుకున్న వారిలో లాటరీ పద్ధతిన కొందరికి ప్రవేశమిచ్చి, ప్రవేశం దొరకని వారితో పోల్చి చూశారు. మూడేళ్ల తర్వాతి ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ప్రవేశం దొరికిన వారిలో నూటికి 72 మంది హైస్కూలు డిప్లొమా లేదా దానికి సమానమైన సర్టిఫికెట్ సంపాదించారు. దొరకని వారిలో 56 మందే. సంపాదన కూడా దాదాపు 20 శాతం పెరిగింది. ఇది చిన్న విషయం కాదు. కాని నేరాల విషయంలో ఇరువురి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్నీ దాచకూడదు.

కవాతే మనిషిని మార్చేదైతే, నేరస్థులైన కుర్రాళ్ల కోసం అదే దేశంలో నడిపిన ‘బూట్ క్యాంపు’లు ఎప్పుడో విజయవంతమయ్యేవి. అవి మళ్లీ నేరం చేయడాన్ని తగ్గించలేకపోయాయని పరిశోధనలు తేల్చాయి. యూత్ ఛాలెంజ్‌లో అసలు బలం వేరేచోట ఉందని నా అభిప్రాయం. శిబిరం ముగిశాక మరో ఏడాది పాటు ఒక పెద్దమనిషి ఆ పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి. అతణ్ణి పైవాళ్లు నియమించరు. తనకు తెలిసిన వారిలో, ఇంటివారు కాని ఒకరిని పిల్లవాడే సూచిస్తాడు. ఆ అనుబంధం ఎక్కువకాలం నిలిచిన వారిలోనే మేలు కూడా ఎక్కువగా నిలిచిందని 2013లో వచ్చిన మరో అధ్యయనం చెబుతోంది.

ఇందులో వింత ఏమీ లేదు. 22 వారాల తర్వాత కుర్రవాడు తిరిగి వచ్చేది అదే వీధికి, అదే స్నేహితుల మధ్యకు. తాలీమ్ శిబిరంలో దొరకవచ్చు. తర్బియత్‌కు మాత్రం పక్కన మనిషి కావాలి.

కనుక దారి తప్పిన పిల్లవాణ్ణి ఎక్కడికో పంపి చేతులు దులుపుకోవాలని చూసే పెద్దలు ఒక్క క్షణం ఆలోచించాలి. వాడు తిరిగి వచ్చిన రోజున ‘నీ వెనుక నేనున్నాను’ అనడానికి మనలో ఎవరు సిద్ధంగా ఉన్నారు?