ఏథెన్సు పొలములలోని ఋణశిలలు

ప్రజాస్వామ్యము యవనదేశమున పుట్టినదని పాఠశాలల బాలురు సైతము చెప్పుదురు. ఎట్లు పుట్టినదని యడిగినచో పెక్కుమంది తత్త్వవేత్తల పేర్లు వల్లింతురు. ఇది సరికాదు. ప్లేటో, అరిస్టాటిలు ప్రజాస్వామ్యమును కన్నవారు కారు; అది పుట్టి పెరిగిన పిమ్మట దానిని శంకించినవారు. దాని తొలి పునాది పడినది విద్వద్గోష్ఠులలో గాదు, అప్పులపాలైన రైతు పొలము గట్టున నని మా దృఢమైన యభిప్రాయము.

కొండలును సముద్రమును యవనభూమిని ఖండఖండములు చేసినవి. నగరమును, చుట్టునున్న పల్లెలును కలిసి యొక రాజ్యముగా నేర్పడెను. ఇట్టి నగరరాజ్యములు వందలకొలది యుండెను. కొన్నిట ధనికుల పాలనము, కొన్నిట నిరంకుశుల యేలుబడి సాగుచుండెను. ఏథెన్సు నందును క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్దమున అధికారము కులీనుల చేతిలోనిదే. పేదరైతు పొలమున తాకట్టునకు గుర్తుగా రాయి పాతబడుచుండెను. అప్పునకు శరీరమునే హామీగా నుంచినవాడు తీర్పలేనినాడు బానిసయై పరదేశముల కమ్ముడు పోవుచుండెను.

క్రీ. పూ. 594లో సోలను శాసనాధికారమును పొందెను. ఆయన ఋణములను రద్దు చేసెను, రాళ్లను పెరికించెను, శరీరమును హామీగా గొని యప్పిచ్చుట నిషేధించెను. భూములను సమముగ పంచుమన్న పేదల కోరికను మాత్ర మంగీకరింపలేదు. అందుచే ఉభయపక్షములును ఆయనను నిందించినవి. కాని యప్పులవానికి బానిసయైనవాడు సభలో నిర్భయముగ చేయి యెత్తజాలడని ఆయన గ్రహించెను. తక్కినదంతయు దీని పిమ్మట వచ్చినదే.

508-507 సంవత్సరములలో క్లైస్థనీసు రెండవ మెట్టు నెక్కించెను. పాత తెగల బలమును విరుచుటకై ఆయన పదిక్రొత్త విభాగముల నేర్పరచి, ప్రతిదానియందును నగరమువారిని, తీరమువారిని, లోనాటివారిని కలిపివేసెను. ఒక్కొక్క విభాగమునుండి ఏబదిమంది చొప్పున ఐదువందల మందితో ఆలోచనసభ యేర్పడెను. కాలక్రమమున ఆ సభ్యులను చీట్లు వేసి యెన్నుకొనిరి. ఎవడును జీవితమున రెండు మారులకు మించి యందు కూర్చుండరాదు. అధికారి గడువు తీరిన వెంటనే లెక్క యొప్పజెప్పవలెను. పెరిక్లీసు కాలమున న్యాయసభలలో కూర్చుండువారికి దినభత్యము లభించెను. కూలి పోవునను భయము లేక పేదవాడును తీర్పు చెప్పగలిగెను. సేనానులను మాత్రము చీటితో గాక, సామర్థ్యము నెంచి యెన్నుకొనిరి.

ఇంత ఘనతకును గొప్ప కళంక మున్నది. స్త్రీలకును, అచట స్థిరపడిన పరదేశీయులకును ఓటు లేదు. లారియను వెండిగనులలో బానిసలు నశించుచుండిరి. సభలో స్వాతంత్ర్యమును గూర్చి పలికినవారే క్రీ. పూ. 416లో మీలోసు దీవిని ముట్టడించి, పట్టుబడిన పురుషులను వధించి, స్త్రీలను బిడ్డలను బానిసలుగ విక్రయించిరి. పన్నెండేండ్లకు ఏథెన్సే స్పార్టాకు లొంగిపోయెను. మరల లేచిన ప్రజాప్రభుత్వమును 322లో మాసిడోనియా వారు కూల్చి, ఆస్తిలేని వేలమంది పౌరుల యోటును తీసివేసిరి. ఇతరుల దాస్యముపై నిల్చిన స్వాతంత్ర్యము దీర్ఘకాలము నిలువలేదు.

మన దేశమున క్రమము తలక్రిందు లైనది. 1950 నాటి రాజ్యాంగము స్త్రీపురుష భేదము లేక వయోజనులందరికిని ఓటు నిచ్చినది; ఈ విషయమున ఏథెన్సును మించితిమి. వెట్టిని అదే రాజ్యాంగము నిషేధించినది. కాని అప్పు క్రింద మనిషిని కట్టివేయు పద్ధతిని దేశమంతట రద్దు చేయు చట్టము 1976లో గాని రాలేదు. సోలను ముందు చేసిన పనిని మనము ఓటు నిచ్చిన ఇరువదియారేండ్లకు చేసితిమి. జీతగాని అప్పు తండ్రినుండి కొడుకునకు సంక్రమించుట తెలుగుపల్లెల పెద్ద లెరుగని సంగతి కాదు.

భూమిగల పాఠకులు సోలను కథను భయముతో చదువ నక్కరలేదు. ఆయన వారి పొలములను తీసికొనలేదు. పొలముతోబాటు మనిషిని గూడ పట్టియుంచు హక్కునే తీసివేసెను. అప్పిచ్చినవాని కన్నెదుట భయపడక ఓటు వేయగల కూలివాడు ఏ యూర నున్నాడో, ఆ యూరనే ప్రజాస్వామ్య మున్నది. చట్టము కాగితముపై రాయిని పెరికినది. గట్టుమీది రాయిని పెరుకవలసినవారు గ్రామపెద్దలే యని వారికి విన్నవించుచున్నాము.