కర్మాగారములకు నదీజల మేల?

తూర్పు కనుమలలో వాన ముఖము చాటువేసిన సంవత్సరములందు విశాఖపట్టణమున జరుగునది అందర మెరిగినదే. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగడ్డ జలాశయములలో నీరు అడుగంటుటతోనే కుళాయి విడుచు వేళ కుదించుకొని పోవును. కొండవాలు కాలనీల స్త్రీలు బిందెలు వరుసపెట్టి ట్యాంకరుకై ఎదురుచూచుచుందురు. ఈ జలాశయములు పేరునకు వేరువేరైనను, రైవాడను నింపు శారదానదియు తాటిపూడిని నింపు గోస్తనీనదియు అనంతగిరి కొండలనుండియే దిగివచ్చునవి గనుక, ఒకటి ఎండిన యేట మరియొకటి నిండునని ఆశపడుట వివేకము కాదు. సాలునకు వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన కురియు సీమకు కరవు భయ మేమని అడుగువారు, ఆ వానలో అధికభాగము కొలది నెలలలోనే కురిసి, నిటారు వాలులమీదుగా సముద్రమున కలియుచున్నదని గమనింపవలెను.

ఇక ఏలేరు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమునకై ఏలేశ్వరము నుండి 150 కిలోమీటర్లకు పైబడి త్రవ్విన యీ కాలువ, ఉక్కునగరపు కణితి జలాశయమును చేరులోపల ఎండకును ఊటకును తన వాటా అర్పించుకొనుచునే వచ్చును. ఏలేరు చాలని నాడు గోదావరి నీటిని ఎత్తిపోసి దీనికి కలుపుచున్నారు. కాని గోదావరి సన్నగిల్లిన వేసవిలో ఆ నీటిమీదనే డెల్టా రైతు తన దాళ్వా పంటను నిలుపుకొనవలసియున్నది. పోలవరము ఎడమకాలువ పూర్తియైనచో 23.44 టీఎంసీల నీరు విశాఖకు లభించునని ప్రణాళిక చెప్పుచున్నది. ఆ నీరు రావలసినదే, త్వరగా రావలసినదే. అయినను దూరపు కాలువ యొక్కటే ధీమా యనుకొన్న నగరమునకు ఏమి సంభవించునో చెన్నై మనకు చూపినది: కండలేరు నుండి కృష్ణాజలమును మోసికొని పోవు తెలుగుగంగ యుండియు, 2019 వేసవిలో దాని జలాశయములు ఎండిపోగా, జోలార్‌పేట నుండి రైలుబండ్లలో నీరు తెప్పించుకొనవలసి వచ్చెను.

ఆ చెన్నైనుండియే నేర్చుకొనదగినది మరియొకటి కలదు. అచ్చటి మణలి ప్రాంతపు చమురుశుద్ధి కర్మాగారమును, ఎరువుల కర్మాగారమును నగరపు మురుగునీటిని కొని, శుద్ధిచేసికొని, మూడు దశాబ్దములుగా యంత్రములకు వాడుకొనుచున్నవి. విశాఖకు పొరుగుననే సింహాద్రి విద్యుత్కేంద్రము శీతలీకరణమునకు సముద్రజలమును వాడుచున్నది. యంత్రమును చల్లార్చుటకును, ఆవిరి పుట్టించుటకును కొండలనుండి వచ్చిన మంచినీరే కావలెనను నియమ మెచ్చటను లేదు. తగినంత శుద్ధి చేయుటయే ముఖ్యము. ఇంటికి ఇచ్చిన నీటిలో నూటికి ఎనుబది పాళ్లు మురుగై తిరిగి వచ్చునని ఇంజనీర్లు లెక్కకట్టుదురు. కరవు యేట సైతము నగరమున నీరు వాడుచున్నంతకాలము ఆగకుండ ప్రవహించు నది ఇది యొక్కటియే. నరవలోను, అప్పుఘర్‌లోను శుద్ధికేంద్రములు వెలసియే యున్నవి. వాటి నీటిని మరింత మేలుగా వడగట్టి మల్కాపురపు చమురుశుద్ధి కర్మాగారమునకును, ఉక్కు కర్మాగారమునకును గొట్టముల ద్వారా చేర్చు ఆలోచన కొత్తదియు కాదు.

ఖర్చు హెచ్చగునని అభ్యంతరము చెప్పువారు కలరు. హెచ్చగుట నిజమే. కాని గోదావరి నీటిని ఎత్తిపోయు విద్యుత్తును, కాలువ దారిలో కలుగు నష్టమును, నీరు చాలక కొలిమి ఆగిన దినమున దేశమునకు వాటిల్లు నష్టమును లెక్కలోనికి తీసికొనక, కాలువ నీరు చవుక యని వాదించుట న్యాయము కాదు.

అన్నిటికంటె నన్ను బాధించునది రైవాడ. దేవరాపల్లి, చోడవరము ప్రాంతపు రైతులు, తమ యెదుట నిండిన జలాశయమునుండి నీరు నగరమునకు తరలిపోవుచుండగా, ఆ నీరు ఆయకట్టుకే చెందవలెనని యేండ్ల తరబడి ఆందోళన చేయుచున్నారు. దప్పిగొన్నవానికి నీరీయవద్దని వారనుట లేదు. ఊడ్పుల వేళ తమ తూములు ఎండుట యేమని అడుగుచున్నారు. వారికి సమాధానము చెప్పదలచిన ప్రభుత్వము చేయవలసిన పని స్పష్టముగనే యున్నది: పెద్ద కర్మాగారములతో నీటి ఒప్పందములను తిరిగి వ్రాసి, నిర్ణీతమైన గడువులోపల వాటి శీతలీకరణమునకు శుద్ధిచేసిన మురుగునీటినే వాడునట్లు నిబంధించి, అట్లు మిగిలిన ఏలేరు నీటిని కణితినుండి ఇండ్లకు మళ్లించి, ఆ మేరకు రైవాడపై నగరపు భారమును ఏటేట తగ్గించుట. మేఘాద్రిగడ్డకు వాననీరు దిగివచ్చు దారులలో ఆక్రమణలను తొలగించు పనికి ఆ గడువు సైతము అక్కరలేదు. వచ్చు నైరుతికి ముందే అది మొదలిడవచ్చును.