చేతిపట్టెరుగని స్వారి

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు బోవు రాజమార్గమున సాయంకాలము ఒక గడియసేపు నిలిచి చూచినవారికి మన యువజనులలో ప్రబలుచున్న యొక వ్యసనము స్పష్టముగ గోచరించును. చెవులు చిల్లులు పడునట్లు సైలెన్సరు మార్పించుకొన్న మోటారుసైకిలొకటి లారీకిని బస్సుకును నడుమనున్న సందులోనుండి దూసుకొనిపోవును. దానిపై ఇద్దరో ముగ్గురో యుందురు. ఒక్కరి తలపైనను హెల్మెట్టుండదు. వెనుకనున్నవాని చేతిలో సెల్‌ఫోను మాత్రము తప్పక యుండును. అది యీ సాహసమును చిత్రించి లోకమునకు చూపుటకట! ముందుచక్రమును గాలిలోనికి లేపి నాలుగు బారలు పోగలిగినవాడు ఆ పూటకు ఊరికి వీరుడు. మరునాడు వాడు ఆసుపత్రి మంచముపై నున్నచో, చప్పట్లు కొట్టిన చేతులలో నొక్కటియు వానికి మంచినీళ్లందింపదు. తల్లి యేడ్పొక్కటే మిగులును.

మేము వాహనమును నిందింపబూనలేదు. మోటారుసైకిలు నేడు విలాసవస్తువు కాదు, బీదవాని కాలు. ఆళ్లగడ్డ శిల్పి యులిసంచి తగిలించుకొని పనికి బోవుటకు అదియే యాధారము. కుందూనది గట్టున వరిమడి గలరైతు ఎరువుబస్తా తెచ్చుకొనుటకు అదియే బండి. ఉపాధ్యాయుడు, పాలవాడు, ఆసుపత్రి నర్సు, మిల్లు గుమాస్తా, అందరును దానిని నమ్ముకొనియే బ్రతుకుచున్నారు. వీరు దినమునకు ముప్పది నలువది కిలోమీటర్లు ఏండ్ల తరబడి నడిపియు చాటుకొన్నవారు కారు. మా దృష్టిలో నిజమైన నేర్పరులు వీరే. తమ చేతి పట్టెంతయో, బండి బ్రేకెంతయో, కంటి చూపెంతయో యెరిగి, ఆ హద్దునకు రెండడుగులు లోపలనే యుండువారు వీరు.

హద్దెరుగుట పిరికితనమని మన పిల్లలకు నేర్పినదెవరు? సినిమా తెరపై కథానాయకుడు చేయు విన్యాసము వెనుక త్రాళ్లు, నిపుణులు, మూసివేసిన రోడ్డు, సిద్ధముగ నిలిపిన అంబులెన్సు ఉండునని చెప్పువారెవరును లేరు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గమునకెక్కునా యని మన పెద్దలూరక అనలేదు. ట్రాక్టరు ఎదురైనపుడు నేర్పుతో తప్పుకొనజాలనివాడు, గులకరాళ్లపై బ్రేకు పట్టనేరనివాడు, ఒంటిచక్రముపై నూరేగుట యెట్టి విద్య?

మాటలు చాలును, లెక్కలు చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు బండి సెకనునకు దాదాపు 17 మీటర్లు సాగును. ఎదుట గేదె కనబడి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకును నొక్కులోపల ఒకటిన్నర సెకను గడచినచో 25 మీటర్లు బ్రేకు లేకయే పోయినట్లు. ఆ పిమ్మట పొడి తారురోడ్డుపై నిలుచుటకు ఇంకొక 20 మీటర్లకు మించి కావలయును. 100 కిలోమీటర్ల వేగమున ఈ రెండును గలసి దాదాపు 100 మీటర్లగును. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన తరువాత పోవు దూరము రెండింతలు కాదు, నాలుగింతలు. ఈ గణితము ధనికుడని, నాయకుని కొడుకని యెవరికిని మినహాయింపు నీయదు. రాత్రివేళ దీపపు వెలుగు ముప్పది నలువది మీటర్లకే చాలుచుండగా నూరు మీటర్లు కావలసిన వేగమున బోవువాడు కన్నులు మూసికొని పోవుచున్నవాడే.

ఇంక మన దారుల స్వభావమును తలపవలెను. నంద్యాల దాటి శిరివెళ్లమెట్ట మీదుగ ఆళ్లగడ్డకు, చాగలమర్రికి బోవు జాతీయరహదారి నాలుగు వరుసల విశాలమార్గమే. కాని దాని యంచులనున్నవి మన పల్లెలే. పంటకాలమున వడ్లును మొక్కజొన్నలును రోడ్డుపైననే ఎండును. వెనుక దీపములేని ట్రాక్టరు ట్రాలీ చీకటిలో నిలిచియుండును. గొఱ్ఱెలమంద అడ్డముగ దాటును. పొరుగు పల్లెకు బోవువాడు దగ్గరిదారి యని ఎదురుగ వచ్చును. గాజులపల్లె దాటి గిద్దలూరు దిక్కున నల్లమల కనుమ నెక్కువారికి వంకలమీద వంకలు, వానకాలమున జారుడునేల, కోతులమందలు. వంకలో ప్రవేశింపకముందే వేగము తగ్గింపవలెను. వంకలో వాలియున్నపుడు ముందు బ్రేకును బిగబట్టినచో చక్రము జారి బండి పడును. ఈ చిన్న పాఠమును నేర్వకయే కనుమ యెక్కువా రెందరు!

2014 ఏప్రిల్ 23 రాత్రి ఈ మార్గముననే ఆళ్లగడ్డ సమీపమున శాసనసభ్యురాలు శోభా నాగిరెడ్డి ప్రయాణించు కారు, రోడ్డుపైనున్న వడ్లకుప్పను తప్పింపబోయి బోల్తాపడెనని ఆనాడు పత్రికలు వ్రాసినవి. మరునాడామె కన్నుమూసెను. ఆ యెన్నికలలో ఆళ్లగడ్డ ప్రజలు మరణించిన తమ ప్రతినిధినే గెలిపించుకొనిరి. నాలుగు చక్రములపై ఇనుపగూటిలో నున్నవారికే వడ్లకుప్ప మృత్యువైనపుడు, రెండు చక్రములపై బోవువాని మాట వేరుగ చెప్పవలయునా?

"మా ప్రాణము మాది, మీకేల?" యని కొందఱు యువకులు ప్రశ్నింతురు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు చేరువ చిన్నటేకూరు వద్ద జరిగినదానిని వారి యెదుట నుంచుచున్నాము. మద్యము త్రాగి బండి నడిపిన యొక యువకుడు జారిపడి ప్రాణము గోల్పోయెను. అతని మోటారుసైకిలు నడిరోడ్డున పడియుండగా, హైదరాబాదునుండి బెంగుళూరునకు బోవు బస్సు దానిపై కెక్కి యీడ్చుకొనిపోయెను. నిప్పు పుట్టెను. నిద్రలోనున్న ప్రయాణికులలో 19 మంది దగ్ధమైరి. బస్సు నడిపినవారి లోపములు, బస్సు కట్టుబడిలోని లోపములు విచారింపవలసినవే. వానిని మేము కప్పిపుచ్చము. కాని మొదటి నిప్పురవ్వ, తన దేహము తన వశమున లేనివేళ బండి యెక్కిన యొక్కని యవివేకము. రోడ్డు అందరిది, అందుచేత రోడ్డుపైనున్న వాని ప్రాణము వానిదొక్కనిదే కాదు.

ధనమును కీర్తియు కాపాడునని భ్రమించువారికి హైదరాబాదు చరిత్రయే సమాధానము. 2010లో నటుడు కోట శ్రీనివాసరావు కుమారుని, 2011లో క్రికెటు నాయకుడు అజహరుద్దీను పందొమ్మిదేండ్ల కుమారుని, మోటారుసైకిలు ప్రమాదములు బలిగొన్నవి. రెండవవాడెక్కినది 1000 సీసీ బండి. వెంటనున్న బాలుడగు బంధువును ఆ ప్రమాదముననే గతించెను. ఆ తండ్రుల దుఃఖమును మేము తూలనాడుటలేదు. శిరసు వంచి తలచుచున్నాము. 2021 సెప్టెంబరులో నటుడు సాయి ధరమ్ తేజ్ మాధాపురము తీగలవంతెన చేరువ ఇసుకపై జారిపడి వారముల తరబడి ఆసుపత్రిలో నుండెను. తలపై హెల్మెట్టుండెను గనుక నేడు మన నడుమ నున్నాడు.

దేశమంతటి లెక్క యింకను భయంకరము. 2022లో భారతదేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారే. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. ఏ యుద్ధమునందైన ఒక్క యేట యాబదివేల మంది పడిపోయినచో దేశము గుండె బాదుకొనదా? ఇచట శత్రువు లేడు. మన మూర్ఖతయే మన శత్రువు.

ఇందు తల్లిదండ్రుల పాపము తక్కువ కాదు. పదవ తరగతి తప్పకుండ గడచినచో బండి కొనియిత్తుమని వరమిచ్చుట నంద్యాలలోను ఆళ్లగడ్డలోను పరిపాటి. పదునెనిమిదేండ్లు నిండనివానికి గేరుబండి లైసెన్సు లేదు. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము బాలుడు నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వరకు కారాగారమును 25,000 రూపాయల జరిమానాయు గలవు. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఇరువదియైదవ యేడు వచ్చువరకు ఆ బాలునికి లైసెన్సు దొరకదు. చట్టమునకు పండ్లున్నవి, కాని తండ్రి యెవరో చూచి కరచు చట్టము చట్టము కాదు. పట్టుబడిన పిల్లవానికై ఫోను చేయు పెద్దమనిషి వానికి మేలు చేయుటలేదు. మరుమారు పోలీసుఠాణాకు బదులు శ్మశానమునకు దారి చూపుచున్నాడు.

రాజకీయనాయకులకును మా ప్రశ్న యొకటి గలదు. ఎన్నిక వచ్చిన, పుట్టినరోజు వచ్చిన, వందలకొలది యువకులను శిరస్త్రాణములేక బండ్లపై ఊరేగించి, ఆ కూతలను తమ బలముగ లెక్కించుకొను పార్టీ యేదైనను, ఏ ముఖముతో రహదారి భద్రతావారోత్సవమునకు జెండా ఊపును? పెట్రోలుకు డబ్బిచ్చినవారు హెల్మెట్టుకును ఈయలేరా?

ప్రభుత్వమునకు బాధ్యత లేదని మేమనము. వడ్లారబోయుటకు కళ్లములు కట్టింపుడు. రంగు వేయని స్పీడుబ్రేకర్లకు రంగు వేయింపుడు. ట్రాలీ వెనుక మెఱయు రేకులంటింపుడు. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైనది, వాహనములు పెరిగినవి. నూనెపల్లెనుండి బొమ్మలసత్రమువరకు సందడి పెరిగినది. లైసెన్సుపరీక్ష యనగా ఎనిమిది యంకె గీయుట మాత్రమే కాకుండ, హఠాత్తుగ బ్రేకు పట్టుట, వంక తిరుగుట, ఇసుకపై నిలద్రొక్కుకొనుట నేర్పింపవలెను. పోటీయే కావలయునన్నచో, రోడ్డు కాని యొక మైదానము జూపి, గురువు నియమించి, కవచములు తొడిగి యాడింపుడు. దుడుకుతనమునకు దారి చూపినచో అది విద్యయగును. చూపనిచో వీథిలో శవమగును.

యువకులారా! మీరు రేనాటి బిడ్డలు. 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడి, మరుసటి యేట ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీ నేలవాడు. ఆయన ప్రాణమిచ్చినది ఒక కార్యమునకై. మీరు ప్రాణమిచ్చుచున్నది సెల్‌ఫోనులోని పదునైదు సెకనుల బొమ్మకై. ఈ రెంటికిని శౌర్యమను నొక్కటే పేరు పెట్టుట భాషకే యవమానము. గుఱ్ఱమెక్కినవాని మొదటి విద్య కళ్లెము పట్టుట. తన్ను తానేలుకొనలేనివాడు దేశమునేమి యేలును?

మిత్రుడు దాటిపోయిన పోనిండు. ఆళ్లగడ్డ ఎక్కడికిని పరుగెత్తిపోదు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు. చేతనైనంత వేగమునకు తక్కువగ నడిపి, దీపము పెట్టువేళకు గడప త్రొక్కి, "అమ్మా, వచ్చితిని" అని పలికినవాడే మా దృష్టిలో వీరుడు.